మోటు వాడకానికి తట్టుకునే వేప్ ఏది? దుమ్ము, నీళ్ళు, కింద పడటం అన్నీ చూసినవాళ్ళు చెప్పండి

మట్టిచేతులు:
అందరికీ నమస్తే. సిగరెట్ మానేసి వేప్‌కి (ఈ-సిగరెట్) వచ్చినవాణ్ణి. నా పనంతా బయటే, కాంక్రీటు దుమ్ము, డ్రిల్లింగ్ పొడి, వానొస్తే వానలోనే, జేబులో వేప్‌తో పాటు స్క్రూలు, మేకులు కూడా ఉంటాయి. అలాంటి చోట మామూలు వేప్‌లు నిలబడట్లేదు. ఇంతకుముందు వాడినదాంట్లో ఫైర్ బటన్ సందులోకి సన్నపొడి పోయి, నొక్కితే లోపలికెళ్ళి అక్కడే ఇరుక్కునేది, మనం వదిలేసినా జ్యూస్‌ని (నికోటిన్ ద్రవం) ఆవిరి చేసే కాయిల్ కాలుతూనే ఉండేది, పది సెకన్లకి కటాఫ్ అవుతుంది కాబట్టి సరిపోయింది లేకపోతే ఏమయ్యేదో. ఆ తర్వాత కొన్నది పైనుంచి పడి స్క్రీన్ పోయింది, గ్లాస్ పగిలింది, జ్యూస్ మొత్తం బ్యాగులో పోసింది.

డబ్బు సంగతి అలా ఉంచండి, నా అసలు బాధ వేరు. వేప్ పాడైన రోజు సాయంత్రానికల్లా చేతిలో మళ్ళీ సిగరెట్ ఉంటోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నమ్ముకోగలిగిన వస్తువు ఒక్కటి ఉంటే చాలు నాకు. పెట్టెల మీద ఐపీ67, ఐపీ68, మిలిటరీ గ్రేడ్, షాక్‌ప్రూఫ్ అని రాసి ఉంటున్నాయి, వీటిలో దేన్ని నమ్మాలి, దేన్ని పట్టించుకోనక్కర్లేదు, కొనేముందు చేతిలోకి తీసుకుని ఏం చూడాలి? పొగ మేఘాలు నాకు అక్కర్లేదు, దమ్ము సిగరెట్‌లా బిగుతుగా వస్తే చాలు.

పాతసామాను:
బ్రో మంచి ప్రశ్న. ముందు ఆ పెట్టె మీది అక్షరాల సంగతి తేల్చేద్దాం.

ఐపీ అనేది ఐఈసీ 60529 అనే స్టాండర్డ్ నుంచి వచ్చింది. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. మొదటిది 6 అయితే దుమ్ము అసలు లోపలికి పోదు, అంతకు మించిన అంకె లేదు. నీ పనికి ముఖ్యంగా చూడాల్సింది ఇదే, అందరూ నీళ్ళ అంకె చూసి మురిసిపోతారు గానీ నీ బటన్‌ని చంపింది పొడి. రెండోది 7 అంటే ఒక మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ఉంచి తీస్తే బతకాలి. 8 అంటే అంతకన్నా ఎక్కువ, కానీ ఎంత లోతు ఎంతసేపు అన్నది తయారీవాడే చెప్పాలి, అది చెప్పకుండా ఉత్తి ఐపీ68 అని రాస్తే నువ్వే స్పెసిఫికేషన్ షీట్ వెతుక్కోవాలి. మొదటి అంకె చోట ఎక్స్ అని ఉంటే, అంటే ఐపీఎక్స్7 లాంటిది, దుమ్ముకి టెస్టు చేసిన లెక్క వాడు చూపించట్లేదని అర్థం. నువ్వు దాని జోలికి పోవద్దు.

ఇంకో మెలిక ఉంది. 7 వచ్చిందంటే 5, 6 కూడా వచ్చేసినట్టే అనుకుంటారు, కాదు. 5, 6 అనేవి పైపుతో గట్టిగా కొట్టే నీళ్ళకి, 7, 8 నిలవనీళ్ళలో ముంచడానికి. ఐపీ67 ఉన్న మోడ్‌ని (బ్యాటరీ, బటన్ ఉండే బాడీ) ప్రెషర్ పైపు కింద పెట్టి కడిగితే ఆ టెస్టు దానికి జరగనే లేదు. సబ్బునీళ్ళు, ఉప్పునీళ్ళు, వేడినీళ్ళు కూడా అంతే.

పైగా ఆ టెస్టు కొత్త పీసుకి చేస్తారు. చార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత, బ్యాటరీ తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, ఇవి వాడగా వాడగా సాగిపోతాయి, అంచున చిట్లుతాయి. అప్పుడు పెట్టె మీది అంకె అలాగే ఉంటుంది, నీ చేతిలోది మాత్రం వేరే వస్తువు అయిపోతుంది. అందుకే నేనైతే ముందు ఆ రబ్బరు ముక్కలు విడిగా దొరుకుతాయా అని అడుగుతా, అంకె తర్వాత.

నీలిమబ్బు:
పాతసామాను అన్నా, మిలిటరీ గ్రేడ్ గురించి కూడా చెప్పండి, నాకూ ఎప్పట్నుంచో డౌటు.

పాతసామాను:
చెప్తానమ్మా. అమెరికా సైన్యం వాళ్ళ టెస్టింగ్ పుస్తకం ఒకటుంది, మిల్-ఎస్‌టీడీ-810 అని, మొదట 1962లో వచ్చింది, 810జీ 2008లో, 810హెచ్ 2019లో. దాన్లో వేడి, చలి, ఉప్పుగాలి, వణుకు, ఇసుక, పడటం, ఇలా ఎన్నో పద్ధతులున్నాయి. ఏ వస్తువుకి ఏవి చేయాలో ఎంచుకునే వీలు ఉంటుంది. ఇది పాసైంది అని ముద్ర వేసే ఆఫీసు ఏదీ లేదు, కంపెనీ తనే చేసుకోవచ్చు లేదా ల్యాబ్‌లో చేయించుకోవచ్చు, రెండు పద్ధతులు చేసి కూడా మిలిటరీ గ్రేడ్ అని రాసేసుకోవచ్చు.

పడే టెస్టు మాత్రం తెలుసుకోదగ్గది. 48 అంగుళాల ఎత్తు, అంటే సుమారు 1.22 మీటర్లు, కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ మీదకి 26 సార్లు వదలాలి. 26 ఎందుకంటే డబ్బా ఆకారానికి ముఖాలు 6, అంచులు 12, మూలలు 8. కానీ ఆ 26నీ ఐదు పీసుల మధ్య పంచుకోవచ్చు! అంటే ఒక్కో పీసు ఐదారు సార్లు పడితే చాలు. పైగా చెక్క మీదకి. మట్టిచేతులు తమ్ముడిది ఒకే పీసు, పడేది కంకర మీదకి.

కాబట్టి ఏ పద్ధతి, ఎంత ఎత్తు, దేని మీదకి అని వివరం రాసినవాణ్ణి కొంచెం నమ్మొచ్చు. ఉత్తి మిలిటరీ గ్రేడ్ అంటే నేను లెక్కలోకి తీసుకోను.

కాయిల్‌కబుర్లు:
అందరూ మోడ్ గురించే మాట్లాడుతున్నారు, ట్యాంక్ సంగతి ఎవరూ ఎత్తరేంటి? ఆ ఐపీ అంకె మోడ్‌ది మాత్రమే, దాని నెత్తిన బిగించే, జ్యూస్ నింపే ట్యాంక్‌కి గాలి పోవడానికే కన్నాలుంటాయి, అది వాటర్‌ప్రూఫ్ ఎలా అవుతుంది. గుండ్రాయి మీద కోడిగుడ్డు నిలబెట్టి రాయి గట్టిదే కదా అన్నట్టుంటుంది ఈ వ్యవహారం. కింద పడితే నూటికి తొంభై సార్లు పోయేది గ్లాసే.

బబుల్ గ్లాస్ అని ఉబ్బెత్తుగా వచ్చేది అసలు వద్దు, అది ట్యాంక్ అంచు దాటి బయటికి పొడుచుకొస్తుంది, ముందు నేలని తగిలేది అదే. తిన్నటి గ్లాస్, పైనా కిందా ఇనుప రింగు గ్లాస్ కంటే కాస్త బయటికి ఉన్నది చూసుకో. లేదంటే ట్యాంక్ బదులు పీసీటీజీ ప్లాస్టిక్ పాడ్ (జ్యూస్ డబ్బా) ఉన్నది తీసుకో, గీతలు పడతాయి గానీ పగలదు. మోడ్ వెడల్పు కన్నా ట్యాంక్ వెడల్పు తక్కువ ఉండాలి, పక్కకి పడ్డప్పుడు దెబ్బ మోడ్ తింటుంది.

గాలి కన్నాలు ట్యాంక్ పైభాగంలో ఉన్నవి అయితే లీక్ బాధ చాలా తగ్గుతుంది. కింద కన్నాలున్నవి రుచి బాగా ఇస్తాయంటారు, కానీ జేబులో అడ్డంగా పడుకున్నప్పుడు జ్యూస్ దారి వెతుక్కుని కిందికే వస్తుంది, అక్కణ్ణుంచి 510 గుంటలోకి (మోడ్‌లో ట్యాంక్ బిగించే చోటు), అక్కణ్ణుంచి లోపలి బోర్డుకి. నేను చూసిన చచ్చిపోయిన మోడ్‌లలో బయటి నీళ్ళ వల్ల పోయినవాటికంటే సొంత జ్యూస్ వల్ల పోయినవే ఎక్కువ.

మట్టిచేతులు:
ఇది చాలా పనికొచ్చింది అన్నా. ట్యాంక్ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు బ్యాటరీ విషయం చెప్పండి. లోపలే బిగించి ఉన్నది మంచిదా, తీసి మార్చుకునేది మంచిదా? నాకు సైట్‌లో చార్జింగ్ పెట్టుకునే తీరిక ఉండదు. డబుల్ బ్యాటరీ 200 వాట్లవి చూశా, బరువు బాగా ఉన్నాయి.

ఓమ్‌లెక్క:
ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

మన్నిక అన్నప్పుడు నా ఓటు మార్చుకునే సెల్‌కే. ఏ లిథియం సెల్ అయినా కొన్ని వందల చార్జ్‌లకి నీరసపడుతుంది, లోపల బిగించి ఉంటే సెల్‌తో పాటు మంచి బాడీ, మంచి బోర్డు అన్నీ చెత్తబుట్టలోకే. మార్చుకునేదైతే పాత సెల్ రీసైక్లింగ్‌కి ఇచ్చి కొత్తది వేసుకుంటావు, మోడ్ అలాగే ఉంటుంది. నీ తీరిక సమస్య కూడా తీరుతుంది, చార్జ్ చేసిన సెల్ ఒకటి డబ్బాలో వేసుకెళ్తే అర నిమిషంలో మార్చేస్తావు.

ఇప్పుడు 200 వాట్ల సంగతి. మోడ్‌లో రెండు 18650 సైజు సెల్స్ ఉన్నాయనుకో, 200 వాట్లు పెడితే ఒక్కోదాని మీద 100 పడుతుంది. బోర్డు సామర్థ్యం 90 శాతం అనుకుని, లోడ్ మీద సెల్ వోల్టేజి 3.3కి దిగినప్పుడు లెక్కేస్తే ఒక్కో సెల్ నుంచి దాదాపు 34 ఆంపియర్లు లాగాలి. వేపింగ్‌లో అందరూ వాడే మంచి 18650లు శాంసంగ్ 25ఆర్ 20 ఆంపియర్లు, శాంసంగ్ 30క్యూ 15 ఆంపియర్లు. అంటే మోడ్ ఇవ్వగలనన్నా సెల్ హాయిగా ఇవ్వలేదు. ఆ 200 అనేది పెట్టె మీద బాగుంటుంది, వాడకంలో ఎవరూ అక్కడ ఉండరు.

అదే నువ్వు అడిగిన బిగుతు దమ్ముకి 12 నుంచి 15 వాట్లు చాలు. 15 వాట్లకి సింగిల్ 18650 మీద పడేది 5 ఆంపియర్లే, సెల్ వేడి కూడా ఎక్కదు. 3000 ఎంఏహెచ్ సెల్‌లో సుమారు 10.8 వాట్ అవర్లు ఉంటాయి, బోర్డు నష్టం తీసేస్తే 9.7, దాన్ని 15తో భాగిస్తే 39 నిమిషాలు ఆపకుండా కాల్చినట్టు, మూడు సెకన్ల పఫ్ అనుకుంటే కాగితం మీద 770 పైచిలుకు పఫ్‌లు. మోడ్ సెల్‌ని పూర్తిగా ఖాళీ అవనివ్వదు కాబట్టి చేతికి వచ్చేది తగ్గుతుంది, అయినా నీ రోజు గడిచిపోతుంది. 60 వాట్లకి పోతే అదే సెల్ నాలుగో వంతుకి పడిపోతుంది, పైగా 20 ఆంపియర్లు లాగుతుంది.

21700 సెల్ ఇంకా బాగుంటుంది, 21 మిల్లీమీటర్ల లావు, 70 పొడుగు, 18650 కంటే కొంచెమే పెద్దది, 4000 ఎంఏహెచ్ అలా వస్తుంది. సింగిల్ 21700 మోడ్ అంటే డబుల్ బ్యాటరీ బరువు లేకుండా రోజంతా వస్తుంది. ఒక్కటి మాత్రం చూసుకో, శాంసంగ్ 50ఈ లాంటివి 5000 ఎంఏహెచ్ అని ఊరిస్తాయి గానీ అవి 10 ఆంపియర్ల లోపు సెల్స్, నీ 15 వాట్లకి నడుస్తాయి, రేపు ఇంకెవరైనా అదే మోడ్‌లో వాటేజి పెంచితే మాత్రం ప్రమాదం. 18650లో 9000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది కనపడితే మారుమాట లేకుండా వదిలెయ్, ఆ సైజులో అంత పట్టదు.

సెల్ మీది ప్లాస్టిక్ ర్యాప్ చిరిగితే వాడొద్దు. జేబులో మేకులూ స్క్రూలూ ఉన్నాయన్నావు చూడు, అక్కడ విడి సెల్ వేస్తే షార్ట్ అయి మంట అంటుకుంటుంది, ఇది బెదిరింపు కాదు, జరిగేదే. గట్టి ప్లాస్టిక్ కేసు లేకుండా స్పేర్ సెల్ మోయొద్దు.

గాలిమర:
నేను వేరేగా ఆలోచిస్తా. ఇంత తర్జనభర్జన ఎందుకు, మామూలు చిన్న పాడ్ వేప్‌లు రెండు కొనుక్కుని ఒకటి జేబులో ఒకటి బ్యాగులో పెట్టుకుంటే ఒకటి పోయినా రెండోది ఉంటుంది కదా. గట్టి మోడ్ అని ఇటుకంత బరువు మోసేకంటే అదే నయం. మట్టిచేతులు భయం వేప్ లేని సాయంత్రం గురించి, దానికి మందు గట్టితనం కాదు, స్పేర్.

పాతసామాను:
గాలిమర చెప్పిందాంట్లో న్యాయం ఉంది, స్పేర్ ఉండాల్సిందే. కానీ రెండు నాజూకు వస్తువులు ఒకే దుమ్ములో తిరిగితే రెండూ ఒకే రోగంతో పోతాయి.

నీలిమబ్బు:
నేను ఇద్దరి మధ్యలో ఉన్నా. ఇప్పుడు గట్టి పాడ్‌లు కూడా వస్తున్నాయి కదా, చుట్టూ రబ్బరు, పోర్టుకి మూత, ఐపీ67, లోపల బ్యాటరీ. 15 వాట్లకి అవి హాయిగా సరిపోతాయి, బరువు సగం. మట్టిచేతులు గారు, మీరు సిగరెట్ నుంచి వచ్చినవాళ్ళు, బిగుతు దమ్ము కావాలంటున్నారు, మీకు పెద్ద మోడ్ ఎందుకండీ అని నా ప్రశ్న. పెద్ద మోడ్ మీద బిగుతు దమ్ము ట్యాంక్ పెట్టుకోవచ్చు, కాదనను, కానీ నిచ్చెన ఎక్కేటప్పుడు జేబులో అది తొడకి కొట్టుకుంటుంటే ఎక్కడో తీసి పక్కన పెడతారు, పక్కన పెట్టినదే పడుతుంది. నేను గమనించింది, బరువు తక్కువున్నది తక్కువ సార్లు పడుతుంది, పడ్డా తక్కువ దెబ్బ తింటుంది.

పఫ్ లాగితే దానంతటదే వెలిగే రకాల్లో బటన్ ఉండదు కాబట్టి ఇరుక్కునే బాధ లేదు. కాకపోతే ఆ సెన్సార్ కన్నంలోకి జ్యూస్ చెమ్మ, దుమ్ము పోతే అదే వెలుగుతూ ఉండటం లేదా అసలు వెలగకపోవడం చూశా. బటన్, ఆటో రెండూ ఉండి, బటన్ లాక్ చేసే వీలున్నది మంచిది.

మట్టిచేతులు:
నీలిమబ్బు గారు, బరువు మాట నిజమే, నేను ఆ వైపు ఆలోచించలేదు. కానీ లోపలి బ్యాటరీ అంటే సైట్‌లో అయిపోతే ఏం చేయాలి? పవర్ బ్యాంక్ పెట్టి చార్జ్ చేస్తే ఆ పోర్టు మూత తీసి దుమ్ములో ఉంచాల్సొస్తుంది కదా.

నీలిమబ్బు:
అవునండీ, దానికి నా దగ్గర జవాబు లేదు. మీలాంటి చోట మధ్యాహ్నం పోర్టు తెరవాల్సిన అవసరం రాకూడదు. ఈ ఒక్క కారణానికి మీ వరకు సెల్ మార్చుకునేదే కరెక్ట్ అని ఒప్పుకుంటా.

నెమ్మదిగాళి:
చాలా రోజులుగా చదువుతున్నా, ఇవాళ రాయాలనిపించింది. ఎవరూ అడగని విషయం ఒకటుంది. మీరంతా లోపలికి ఏమీ పోకుండా చూస్తున్నారు, లోపలి నుంచి బయటికి రావాల్సింది ఎలా వస్తుంది?

లిథియం సెల్ దెబ్బతిని అదుపు తప్పితే క్షణాల్లో బోలెడంత వేడి గ్యాస్ వదులుతుంది. మామూలు మోడ్‌కి బ్యాటరీ తలుపు దగ్గర చిన్న కన్నాలు ఉండేది అందుకే. దుమ్ము, నీళ్ళు చొరబడకుండా నలువైపులా మూసేసిన ఇనుప బాడీలో ఆ గ్యాస్‌కి దారి లేకపోతే బాడీయే చీలుతుంది, అది మొహం దగ్గరో తొడ దగ్గరో ఉంటుంది. ఐపీ టెస్టు ఈ ప్రశ్న అడగదు, దాని పని అది కాదు. బాగా ఆలోచించి చేసిన వాటర్‌ప్రూఫ్ మోడ్‌లో దీనికి దారి విడిగా పెడతారు, ఒత్తిడి వస్తే ఊడిపోయే రబ్బరు బిరడానో, ముందుగా తెగే పలచని చోటో. యూజర్ మాన్యువల్‌లో బ్యాటరీ గది బొమ్మ చూడండి, కింద తలుపు తీసి వెలుతురులో పెట్టి చూడండి, కనపడకపోతే అమ్మేవాణ్ణి సూటిగా అడగండి. అలా దారి ఉన్న మోడ్‌కి చాలామంది బయట సిలికాన్ తొడుగు వేస్తారు, ఆ తొడుగు బిరడాని మూసేస్తుంది. అది చేయకండి.

గట్టిగా పడ్డ తర్వాత మోడ్ పని చేస్తోంది కదా అని సెల్‌ని మర్చిపోవద్దు. తీసి చూడండి, సొట్ట పడిందా, పైన పాజిటివ్ వైపు తెల్ల రింగు కదిలిందా, ర్యాప్ చిట్లిందా. సొట్ట ఉంటే మళ్ళీ వాడకూడదు, చార్జ్ అసలు పెట్టకూడదు. బాడీ ఎంత గట్టిదైతే లోపలి సెల్ దెబ్బ అంత కనపడకుండా ఉంటుంది, గట్టి మోడ్‌లతో నాకున్న భయం ఇదొక్కటే.

ఓమ్‌లెక్క:
నెమ్మదిగాళి రాసింది అందరూ రెండుసార్లు చదవండి. దీనికి ఇంకొకటి కలుపుతా, వేడి. మూసేసిన బాడీ వేడిని బయటికి సరిగ్గా వదలదు, ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఇంకా కష్టం. చలిదేశాల్లో ఉన్నవాళ్ళు సున్నా డిగ్రీల కంటే కింద చార్జ్ పెట్టొద్దు, సెల్ లోపల లిథియం లోహంలా పేరుకుపోయి తర్వాత షార్ట్‌కి దారి తీస్తుంది. గది వేడికి వచ్చేదాకా ఆగి అప్పుడు పెట్టండి.

కొత్తగాలి:
హాయ్, నాకు సిగరెట్ అలవాటు లేదు, ఫ్రెండ్స్ వేప్ చేస్తుంటే బాగుందనిపించింది. ట్రెక్కింగ్‌కి తీసుకెళ్ళేలా గట్టిది ఏది బాగుంటుందో చెప్తారా?

పాతసామాను:
తమ్ముడూ, అలవాటు లేకపోతే మొదలుపెట్టొద్దు. నికోటిన్ పట్టుకుంటే వదలదు, దీర్ఘకాలంలో వేప్ ఊపిరితిత్తులకి ఏం చేస్తుందో తేలడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. ఇక్కడ మాట్లాడుకునేది సిగరెట్ వదిలించుకునే పెద్దవాళ్ళ కోసం. ట్రెక్‌కి వెళ్ళు, హాయిగా గాలి పీల్చు.

నీలిమబ్బు:
కొత్తగాలికి అన్న చెప్పిందే నా మాట కూడా. మానాలనుకునేవాళ్ళకి నికోటిన్ ఉన్న వేప్‌లు నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివాటికంటే ఎక్కువమందికి సాయపడ్డాయని, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2022 సమీక్ష తేల్చింది. అది పొగ తాగేవాళ్ళ లెక్క, తాగనివాళ్ళకి దాన్లో లాభం ఏమీ లేదు.

కాయిల్‌కబుర్లు:
మళ్ళీ విషయానికి. కొనేముందు చేత్తో ఏం చూడాలి అని మట్టిచేతులు అడిగాడు, ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా.

చెవి దగ్గర పెట్టుకుని ఊపు. బటన్ గలగలమంటే సందు ఎక్కువున్నట్టు, రేపు పొడి అక్కడికే పోతుంది. బటన్ చుట్టూ గోరు తిప్పి చూడు, గోరు అంచు దిగే సందు ఉండకూడదు, బటన్ పైన పలచటి రబ్బరు పొర కప్పి ఉంటే ఇంకా మంచిది. బటన్‌ని మధ్యలో కాకుండా నాలుగు మూలల్లో నొక్కి చూడు, ఏ మూల నొక్కినా ఒకేలా క్లిక్ రావాలి, ఒక మూల మెత్తగా దిగిపోతే ఇరుక్కునే రకం అదే. ఇంక బ్యాటరీ తలుపు. స్ప్రింగు లాచ్‌తో టక్కున పడేవి ఉంటాయి, మర తిప్పి బిగించేవి ఉంటాయి. లాచ్‌వి సులువే గానీ పడ్డప్పుడు తెరుచుకుని సెల్ బయటికి దొర్లడం చూశా. మరవి నిదానం, కానీ పడితే తెరుచుకోవు. మర సన్నగా ఉంటే ఇసుక రేణువు పడి కరకరలాడుతుంది, లావు మర చూసుకో.

510 గుంటలో మధ్య పిన్ను టూత్‌పిక్‌తో నొక్కు, మెత్తగా దిగి మళ్ళీ పైకి రావాలి. పిన్ చుట్టూ రబ్బరు సీలు కనపడాలి, జ్యూస్ లోపలికి పోకుండా ఆపేది అదే, చాలా గట్టి మోడ్‌లని చూశా, అన్నీ మూసి దీన్ని మాత్రం వదిలేస్తారు. ట్యాంక్ బిగించినప్పుడు మోడ్‌కీ ట్యాంక్‌కీ మధ్య వెంట్రుక కూడా దూరకూడదు, సందు ఉంటే జేబులో దూది, పొడి అక్కడ పేరుకుంటాయి.

బాడీ సంగతికొస్తే ఎక్కువ మోడ్‌లు జింక్ మిశ్రమం. అది వంగదు, గట్టి దెబ్బకి మూల చిట్లుతుంది. అందుకే మూలల్లో రబ్బరు దళసరిగా ఉన్నవి చూడాలి, వీపు మీద తోలు అంటించి మూలలు వదిలేసినవి అందానికే. స్క్రీన్ బాడీ కంటే లోపలికి దిగి ఉండాలి, సమానంగా ఉన్నా నాకు ఇష్టం ఉండదు.

గాలిమర:
ఆ లెక్కన మోడల్ పేరు ఏదైనా చెప్పొచ్చుగా, ఊరికే గుణాలు చెప్తే కొనేవాడికి ఏం దొరుకుతుంది.

పాతసామాను:
పేరు కావాలంటే, ఈ జాతిలో అందరి నోట్లో ఉండేది గీక్‌వేప్ వాళ్ళ ఏజిస్ వరుస. నీళ్ళు, దుమ్ము, దెబ్బ మూడూ తట్టుకునే మోడ్ అని జనంలోకి తీసుకెళ్ళింది అదే. లెజెండ్ అనేది డబుల్ 18650, సోలో సింగిల్ 18650, మ్యాక్స్ సింగిల్ 21700. మట్టిచేతులుకి లెజెండ్ అక్కర్లేదు, ఓమ్‌లెక్క లెక్క చూశాం కదా, సింగిల్ సెల్‌ది చాలు. ఏ వెర్షన్‌కి ఏ ఐపీ అంకె అన్నది మాత్రం ఆ వెర్షన్ షీట్‌లోనే చూసుకో, ఒకే పేరుతో వచ్చిన వాటిలో కూడా తేడాలుంటాయి. నకిలీలు కూడా తిరుగుతుంటాయి, పెట్టె మీద గీకే కోడ్ ఉంటే తయారీవాడి సైట్లో సరిచూసుకోవాలి.

నెమ్మదిగాళి:
విమానం ఎక్కేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, వేప్, సెల్స్ రెండూ చేతి బ్యాగులోనే. చెకిన్ లగేజీలో వేప్‌లు పెట్టకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2015లోనే నిషేధించింది. ట్యాంక్ ఖాళీ చేసి ఎక్కండి, పైన ఒత్తిడి తగ్గి ఎంత మంచి ట్యాంక్ అయినా కారుతుంది. దిగే దేశంలో చట్టం కూడా చూసుకోండి, వేప్ దగ్గరుంటేనే కేసయ్యే చోట్లున్నాయి.

మట్టిచేతులు:
అందరికీ చాలా థాంక్స్. సింగిల్ 21700 మోడ్ తీసుకున్నా, మర తిప్పే తలుపు, అడుగున రబ్బరు బిరడా ఉంది, కింద నుంచి చూస్తే కనపడుతోంది. పైన గాలి కన్నాల ట్యాంక్, తిన్నటి గ్లాస్. కొన్నాళ్ళు సైట్‌లో తిప్పాక రాస్తున్నా.

పడింది, చాలాసార్లే. ఓసారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది, మూల రబ్బరు మీద తెల్లటి గీత తప్ప ఏమీ కాలేదు, సెల్ తీసి ర్యాప్, రింగు చూశా, బాగున్నాయి. వానలో తడిసింది, ఇబ్బంది లేదు. పొడి మాత్రం గొడవే. బటన్ సందులోకి పోలేదు, కాయిల్‌కబుర్లు అన్న చెప్పిన నాలుగు మూలల పరీక్ష చేసే కొన్నా. తలుపు మరలో చేరుతోంది. సాయంత్రం తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు. గాలి కన్నాల రింగులో కూడా సన్నపొడి పేరుకుంటోంది, అది పీలుస్తున్నానేమో అని ఒకటే దిగులు.

మధ్యాహ్నం సెల్ మార్చాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. సాయంత్రం సిగరెట్ కూడా కొనలేదు. అది రాయాలనే వచ్చా అసలు. ఆ మర సంగతి, రింగు సంగతి ఎవరైనా చెప్పండి.

కాయిల్‌కబుర్లు:
చాలా సంతోషం రా తమ్ముడూ, నిజంగా.

మరకి నూనె, గ్రీజు ఏమీ పూయొద్దు, పొడిని ఇంకా పట్టుకుంటుంది, రబ్బరుని కూడా తినేస్తుంది. ముందు బయటి పొడి బ్రష్‌తో దులుపు, తర్వాతే తలుపు తీయి, సెల్ తీసేయి. మెత్తటి టూత్‌బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి విదిలించి మర గాళ్ళలో తిప్పు, తలుపుకి బాడీకి రెండింటికీ. మోడ్‌ని తలకిందులుగా పట్టుకుని చెయ్, పొడి సెల్ గదిలోకి రాలకూడదు. పూర్తిగా ఆరాక సెల్ వెయ్. రబ్బరు పట్టీకి ఆల్కహాల్ తగలనివ్వకు, దానికి తడిగుడ్డ చాలు. 510 గుంటలో దూదిపుల్లతో తుడువు, పిన్ కింద జ్యూస్ నల్లగా గట్టిపడితే మోడ్ కాయిల్ ఓమ్స్ (రెసిస్టెన్స్) తప్పుగా చూపిస్తుంది.

గాలి రింగు గురించి నీ దిగులు సరైనదే, కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. పొడి లేచే పని జరుగుతున్నప్పుడు రింగు పూర్తిగా మూసేసి, నోట్లో పెట్టుకునే డ్రిప్ టిప్ మీద మూత పెట్టి కేసులో ఉంచు, చేతులు కడుక్కుని దూరంగా వెళ్ళాకే తీయి. ట్యాంక్ రోజూ ఓసారి విప్పి గోరువెచ్చని నీళ్ళలో కడుగు, కాయిల్ తీసేసి.

పాతసామాను:
ఇంకోటి, ఆ పోర్టు మూత అసలు తెరవకు. సెల్ తీసి బయటి చార్జర్‌లో పెట్టుకో. మూత ఎన్నిసార్లు తక్కువ తెరిస్తే అన్నాళ్ళు ఎక్కువ బిగువుగా ఉంటుంది, పోర్టు పిన్నులూ అరగవు. తలుపు రబ్బరు పట్టీ స్పేర్‌ది ఇప్పుడే రెండు తెప్పించి పెట్టుకో, మోడల్ పాతబడ్డాక దొరకవు.

మట్టిచేతులు:
పట్టీలు ఆర్డర్ పెట్టేశా అన్నా. మూత లేని డ్రిప్ టిప్ ఇది, 810 సైజు, దానికి సరిపోయే సిలికాన్ మూత విడిగా దొరుకుతుందా?

నీలిమబ్బు:
దొరుకుతాయండీ, డస్ట్ క్యాప్ అని అడగండి, 510 సైజు టిప్‌కి, 810 సైజు టిప్‌కి వేర్వేరుగా వస్తాయి, 810 అడిగితే మీ దానికి సరిపోతుంది. రెండు మూడు తీసుకోండి, చిన్నవి కదా, సైట్‌లో పారేసుకుంటారు.